రెండు మెట్లు కింద

సౌండు కంపెనీలో ఆ అమ్మాయిని అందరూ పాము అని పిలుస్తారు. విషం ఉందని కాదు, పాము చెవులున్నాయని. హాల్లో పాతిక స్పీకర్లు ఒక్కసారిగా మోగుతుంటే, వాటిలో ఎడమ పక్క మూడోదానికి జలుబు చేసిందని కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఇరవై నాలుగేళ్ళకే పెద్ద మిక్సర్ ముందు కూర్చోబెట్టారంటే అంతా ఆ చెవుల చలవే. అవే చెవులు ఆమె కొంప ముంచుతాయని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఎనిమిది నెలల కిందట టీవీలో ఒక పాతకాలపు గాయని పాడింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు ఆవిడ పోస్టరు లేని గోడ లేదు, ఆవిడలా జుట్టు కత్తిరించుకోని కాలేజీ పిల్ల లేదు. పత్రికలవాళ్ళు కోయిల అని పేరు పెట్టారు. ఆ కోయిల ఆ రోజు తన పాటల్లోకెల్లా పేరున్న పాట ఎత్తుకుంది. చరణం చివర గొంతు ఆకాశానికి ఎగరాల్సిన చోట ఎగరలేదు, చిట్లింది. క్షణంలో పదో వంతు. మామూలు చెవికి అందేది కాదు. పాముకి అందింది.

ఆ ముక్కని కత్తిరించి, దానికి ఒక మేక అరుపు అతికించింది. ఆ అతుకు ఎంత చక్కగా కుదిరిందంటే, మనిషి ఎక్కడ ఆగిందో మేక ఎక్కడ మొదలైందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. తన పేరు పెట్టకుండా ఆ వీడియోని నెట్లో వదిలేసింది. వారం తిరక్కుండా అందరి ఫోన్లూ మే మే అన్నాయి. బడి పిల్లలు బస్సుల్లో అరుచుకున్నారు. కోయిల కాస్తా మేకమ్మ అయింది.

పాము చెడ్డపిల్లేం కాదు. ఆ వయసులో ముసలితనమంటే ఎవరికో వచ్చే జబ్బు, మనకి అంటదు, అంతే. పైగా ఆ పాత పాటలంటే ఆమెకి చిన్నప్పట్నుంచీ చిరాకు. వాళ్ళమ్మ టైలరు. కుట్టుమిషను పక్క అద్దానికి ఆ గాయని బొమ్మ ఒకటి వెలిసిపోయి అతుక్కుని ఉంటుంది. మిషను తిరిగినంత సేపూ అవే పాటలు. ఆ మేక వీడియో వచ్చిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

"ఎవడో గానీ వాడి చేతులు పడిపోను! వాడి గొంతు పూడిపోను!" అని పొద్దుగూకేదాకా తిట్టింది. ఎదురుగా కూర్చున్న కూతురు ఆ తిట్లన్నీ గుటకలు వేస్తూ మింగింది.

ఇప్పుడు కంపెనీ ఓనరు పిలిచి చెప్పాడు. "ఆ పాత గాయని ఏడేళ్ళ తర్వాత మళ్ళీ స్టేజి ఎక్కుతోంది. సౌండుకి నిన్నే పంపమని కబురు పెట్టింది. నిన్నే అంటే నిన్నే."



*

రిహార్సలు హాలు ఒక పాత గోదాము. గోడలకి దుప్పట్లు వేలాడదీసి గొంతులు ప్రతిధ్వనించకుండా చేశారు. పాము వెళ్ళేసరికి మేనేజరు ఉన్నాడు. గాయనికి అన్న కొడుకు, నలభై ఏళ్ళవాడు. అత్త కోసం ఉన్న ఉద్యోగం మానుకుని ఆవిడ వ్యవహారాలు చూస్తున్నాడు. మంచివాడే, కానీ భయస్తుడు.

"ఇదిగో, ఇరవై నాలుగో మీట," అన్నాడు మిక్సరు చూపిస్తూ. "ఇందులో అత్త పాత రికార్డింగు గొంతు వస్తుంది. ఆవిడ పెదాలు కదుపుతుంది, మీరు ఇది పైకి తోస్తారు. ఎవరికీ తెలీదు. అందరూ చేసేదే."

"నేను చెయ్యను," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

గాయని పొట్టి మనిషి. మోకాలికి పట్టీ, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, కళ్ళజోడు దారానికి వేలాడుతోంది. పోస్టర్లలో ఉన్నదానికీ ఈవిడకీ చుట్టరికం కూడా ఉన్నట్టు లేదు. నేరుగా పాము దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేక నువ్వేనా?"

పాముకి తల కొట్టేసినట్టయింది. ఈ లైన్లో రహస్యాలు ఎంతసేపు దాగుతాయి కనక! ఎవరో కీబోర్డాయన, ఎవరో మైకులు కట్టేవాడు, ఎక్కడో ఒకచోట నోరు జారి ఉంటారు.

"మేడం, నేను... క్షమించండి. సరదాకి..."

"క్షమాపణలు తర్వాత తీరిగ్గా చెప్పుకో. నేను పిలిపించింది అందుకు కాదు." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నా గొంతు ఎక్కడ చిట్లిందో నాకు తెలుసు. నాతో ముప్పై ఏళ్ళు వాయించినవాళ్ళకి తెలీలేదు. నువ్వు వెంట్రుక వాసి తేడా లేకుండా పట్టుకున్నావు. అంత శ్రద్ధగా ఈ మధ్య నన్నెవరూ వినలేదు. ఆ చెవులు నాకు కావాలి."

 పాము తిడితే పడదామని వచ్చింది. పని చెబితే ఏం చెయ్యాలో తోచలేదు.

"అత్తా, పంతానికి పోకు," అన్నాడు మేనేజరు. "ఇంకొక్క మేక వీడియో వచ్చిందా, ఇక ఏ హాలువాడూ మన గడప తొక్కడు."

"తొక్కకపోతే ఇంట్లో పాడుకుంటాను. నా నోటితో పాడుకుంటాను. ఆ పాటకి నా గొంతే వినిపించాలి, ఈ రోజున్న గొంతు. ఆ మీట పైకి లేచిందో, మైకు కింద పెట్టి స్టేజి దిగిపోతాను. చెప్తున్నా."

ఆవిడ ఆ పాటే పాడింది. రికార్డులో ఉన్న శ్రుతిలోనే, అంగుళం తగ్గకుండా. మొదట్లో బాగానే ఉంది. చరణం చివరికి వచ్చేసరికి మెడ నరాలు ఉబ్బాయి, గొంతు చిట్లింది. మళ్ళీ పాడింది, మళ్ళీ చిట్లింది. అలా పదకొండు సార్లు. మేనేజరు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. పాము మాత్రం ఆవిడ మొహంలోకి చూసింది. ఆ మొహంలో దిగులు లేదు, కోపం ఉంది. మొరాయించే తాళాన్ని తీసే మనిషికి ఉండే కోపం.

అప్పుడే పాము మనసులో అనుకుంది, ఈ పని వదలకూడదని. సిగ్గు వల్ల కొంత, ఆవిడ మొండితనం చూసి కొంత.

*

మేనేజరు ఇచ్చిన పాత టేపు తాలూకు ఫైళ్ళని మర్నాడు మధ్యాహ్నం కంపెనీలో ముందు పెట్టుకుని కూర్చుంది. వాయిద్యాలన్నీ మూసేసి ఒక్క గొంతే విన్నది. గొంతు కూడా ఆగిపోయిన చోట్ల, ఆవిడ ఊపిరి పీల్చుకునే ఖాళీల్లో, చెవులు రిక్కించింది.

పాత టేపులన్నిటిలో వెనకాల సన్నగా గుయ్యిమంటూ ఒక మోత ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటు మోత అది. మనుషుల గొంతులు మారతాయి గానీ, ఆ కరెంటు మోతకి ఎప్పుడూ ఒకటే శ్రుతి. ఈ టేపులో ఆ మోత ఉంది. కానీ ఒకటి కాదు, రెండు. ఒకటి ఉండాల్సిన చోటే ఉంది. రెండోది శ్రుతిలో దానికి సరిగ్గా రెండు మెట్లు పైన ఉంది.

పాము కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. కరెంటు శ్రుతి పెంచి పాడదు కదా! మరి ఎలా? ఒకటే దారి. మొదట ఒక టేపు మీద పాడించారు. దానిలోకి ఒక మోత ఎక్కింది. తర్వాత ఆ టేపుని వేగంగా తిప్పుతూ ఇంకో టేపు మీదికి ఎక్కించారు. వేగం పెరిగితే పాట పరుగెత్తుతుంది, గొంతు పైకి లేస్తుంది, దాంతోపాటు ఆ పాత మోత కూడా లేచింది. కొత్త మెషీను తన మోతని దాని చోట అది కలిపింది.

అంటే రికార్డులో ఉన్న ఆ శ్రుతిలో ఆవిడ ఏనాడూ పాడలేదు. ఇరవై మూడేళ్ళ వయసులో కూడా.

పాము వేగం తగ్గించి, పైనున్న మోతని దాని అసలు చోటికి దించింది. గొంతు కూడా దిగింది. విన్నది. రెండోసారి విన్నది. లాప్‌టాప్ సంచిలో పడేసుకుని పరుగున బయల్దేరింది.

గాయని ఉండేది నాలుగో అంతస్తులో. వేడినీళ్ళ ఆవిరి పట్టుకుంటూ మధ్యలో లేచి వచ్చి తలుపు తీసింది, తలమీద తువ్వాలు అలాగే ఉంది.

"మేడం, ఆ టేపు వేగం పెంచారు. మీకు తెలుసా?"

ఆవిడ కూర్చుని, తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. 

"తెలీకేం," అంది. "ప్రొడ్యూసరు విన్నాడు. గొంతు బాగుంది గానీ మరీ పెద్దదానిలా ఉంది, నాకు పదిహేడేళ్ళ పిల్ల కావాలన్నాడు. టేపు తిప్పాడు, పదిహేడేళ్ళ పిల్ల వచ్చేసింది. జనం వెర్రెత్తిపోయారు. ఇక స్టేజి మీద కూడా అలాగే పాడమన్నారు. గొంతు చించుకుని పాడాను. నలభై ఐదేళ్ళు దాన్ని తరుముతూ పరిగెత్తాను. నాకు వయసు వచ్చింది. అది అసలు పుట్టనే లేదుగా, దానికెక్కడి అలుపు?"

"మరి ఎవరికైనా చెప్పొచ్చు కదా?"

"పొగరు," అంది ఆవిడ. "చెబితే నాకు చేతకాదని ఒప్పుకున్నట్టే. దాన్ని ఓడిద్దామనుకున్నా."

"అయితే రెండు మెట్లు దించి పాడదాం."

"దించను. మేకకి భయపడి దించిందంటారు."

"దించడం కాదు మేడం. మీరు నిజంగా పాడిన చోటికే వెళ్ళడం."

గాయని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. పాము లాప్‌టాప్ తెరిచి, దించిన పాట పెట్టింది.

ఆ గదిలో ఒక నిండు గొంతు లేచింది. సన్నగా, తీయగా, బొమ్మలా ఉండే రికార్డు గొంతు కాదది. కాస్త బరువుగా, అడుగున చిన్న జీరతో, తను ఏం పాడుతోందో తెలిసిన మనిషి గొంతు. ఈ ఎదురుగా కూర్చున్న మనిషికీ దానికీ పోలిక స్పష్టంగా ఉంది. తల్లీకూతుళ్ళ గొంతులకుండే పోలిక.

గాయని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇదా!" అంది. "దీన్ని మర్చేపోయాను. స్టూడియోలో పాడిన రోజు విన్నదే, మళ్ళీ వినలేదు. బాగానే పాడిందే పిల్ల!" ఎవరినో మెచ్చుకున్నట్టు అని, వెక్కి వెక్కి ఏడ్చింది. పాముకి కూడా కళ్ళు నిండాయి. ఎనిమిది నెలలుగా తను నవ్వుకున్నది ఎవరిని చూసి? లేని పిల్లతో సరితూగాలని ఈ మనిషి చేసిన పోరాటాన్ని చూసి. ఆ తలపు ముల్లులా గుచ్చుకుంది.

ఏడుపు అయ్యాక ఆవిడ మొహం కడుక్కుని వచ్చింది. "మీ ఇంట్లో నా పాటలు వింటారా?" అని అడిగింది.

"మా అమ్మ వింటుంది మేడం. పొద్దస్తమానం."

"అదీ. మీ అమ్మకి ఆ పదిహేడేళ్ళది కావాలి. నీ వయసువాళ్ళకి మేక కావాలి. మధ్యలో నేనొకదాన్ని ఉన్నాను, నేనెవరికీ అక్కర్లేదు. సరే. అక్కర్లేకపోయినా వినిపిస్తాను. శ్రుతి పెట్టు."

*

దించిన శ్రుతి అనగానే మేనేజరు కాస్త నిమ్మళించాడు. కానీ ఇరవై నాలుగో మీటని మాత్రం వదల్లేదు. దించిన పాత గొంతుని అందులోకే ఎక్కించి, "ఏదైనా తేడా వస్తే ఎత్తండి, నేను పక్కనే ఉంటా," అన్నాడు పాముతో. ఎత్తితే దిగిపోతానని గాయని అప్పటికే చెప్పి ఉంది. ఎత్తకపోతే ఆవిడ పరువు పోతుందని ఇతని భయం. మధ్యలో మీట పాము చేతి కింద ఉంది.

కచేరీకి ముందురోజు పాము ఇంట్లో నోరు విప్పింది. అమ్మ మిషను మీద గుడ్డ తిప్పుతోంది. పాము ముందుగా ఆ దించిన పాట వినిపించింది.

"ఇదెవరే? ఆవిడ కాదు," అంది అమ్మ.

"ఆవిడే అమ్మా. ఇదే అసలు గొంతు." సంగతంతా చెప్పింది. తర్వాత, "ఇంకోటి. ఆ మేక వీడియో చేసింది నేనే," అంది.

మిషను ఆగింది.

"ఆ రోజు నేను తిడుతుంటే ఎదురుగా కూర్చుని విన్నావా?"

"విన్నాను."

"అవి ఎవడో ముక్కూ మొహం తెలీనివాడికి అనుకుని కాస్త చూసీ చూడనట్టు తిట్టాను. నువ్వని తెలిస్తేనా!" అని మొదలెట్టి, మిగిలినవన్నీ ఆ పూట తిట్టేసింది. తిట్టి తిట్టి అలిసిపోయి, "రేపు హాలుకి వస్తాను," అంది. "కానీ నాకా పాట నా పాటలాగే కావాలి. నేను పెళ్ళికి ముందు విన్న పాట. నువ్వు దాన్ని దించడానికి ఎవరివే?"

పాము మనసులో లెక్కేసుకుంది. అమ్మలాంటివాళ్ళతో హాలు సగం నిండుతుంది, తనలాంటివాళ్ళతో మిగతా సగం.

మర్నాడు హాలు అనుకున్నట్టే నిండింది. ముందు వరసల్లో నెరిసిన తలలు, వెనకాల కుర్రకారు. ఆవిడ స్టేజి మీదికి రాగానే ముందువాళ్ళు చప్పట్లు కొట్టారు, వెనకవాళ్ళు ఫోన్లు ఎత్తారు. ఎందుకెత్తారో పాముకి వేరే చెప్పక్కర్లేదు.

మూడు పాటలు గడిచాయి. నాలుగోది ఆ పాట. వాయిద్యాలు దించిన శ్రుతిలో మొదలవగానే ముందు వరసల్లో గుసగుసలు లేచాయి. ఆరో వరసలో అమ్మ మొహం మాడ్చుకుని కూర్చోవడం పాముకి కనిపించింది. గాయని అవేవీ పట్టించుకోలేదు. పల్లవి సాగింది, చరణం ఎక్కింది. ఆ చివరి ఎత్తు దగ్గరికి వచ్చింది.

గొంతు చిట్లింది.

రెండు మెట్లు దించినా చిట్లింది. అరవై ఎనిమిదేళ్ళు అరవై ఎనిమిదేళ్ళే. వెనకనుంచి ఎవడో "మే!" అన్నాడు. హాలు సగం నవ్వింది. మేనేజరు చెయ్యి మీట మీదికి వచ్చింది, పాము దాన్ని తోసేసింది.

గాయని చెయ్యెత్తింది. వాయిద్యాలు ఆగాయి. పాట మధ్యలో స్టేజి మీద అలా ఎవరూ ఆపరు. హాలు గతుక్కుమంది.

"ఈ ముక్కని రికార్డింగు రోజు ముప్పై ఒక్కసార్లు పాడాను," అంది ఆవిడ మైకులో, వంటింట్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. "మీకు వినిపించింది ముప్పై ఒకటోది. అదికూడా వేగం పెంచి వినిపించారు. ఆ పిల్లని మీరంతా ప్రేమించారు, కానీ ఆ పిల్ల లేదు. నేనే ఉన్నాను. ఇప్పుడు మీరు విన్నది మొదటిది. రెండోది వినండి." బ్యాండు వైపు తిరిగి, "చరణం నుంచి," అంది.

రెండోది కూడా చిట్లింది. మొదటిదానికంటే కాస్త ముందుకు వెళ్ళి చిట్లింది. నవ్వులు మళ్ళీ లేచాయి, ఈసారి కొంచెం తక్కువగా.

"ఎత్తండి," అన్నాడు మేనేజరు. అతని కళ్ళల్లో నీళ్ళు. "అమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఎత్తండి. మా అత్తని నవ్వులపాలు చెయ్యకండి."

పాముకి అతని మీద జాలేసింది. అతనిది ప్రేమే. కానీ తనకి కావాల్సిన గొంతునే ప్రేమిస్తున్నాడు, అమ్మలాగే. పాము వంగి, మిక్సరు వెనక ఇరవై నాలుగో మీటకి వచ్చే తీగని పట్టుకుని పీకి, అతని చేతిలో పెట్టింది. "ఇక మీరు కూడా వినడమే," అంది.

వెనకాల ఎవడో మళ్ళీ "మే" అనబోయాడు. ఆరో వరసలో అమ్మ లేచి వెనక్కి తిరిగింది. "నోరు ముయ్యండిరా! పాడనివ్వండి ఆవిణ్ణి!" అని గద్దించింది. మిషను చప్పుడు మీద నుంచి వీధి చివరిదాకా పిలిచే గొంతది. కుర్రకారు సర్దుకుని కూర్చున్నారు.

"మూడు," అంది గాయని.

వాయిద్యాలు ఎత్తుకున్నాయి. పాము రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. గొంతు చరణం మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. చిట్లే చోటు వచ్చింది. అక్కడ జీర పలికింది, వణికింది, కానీ తెగలేదు. దాటింది. దాటి ఆ ఎత్తుమీద నిలబడింది. రికార్డులో ఉన్నంత సన్నగా లేదు, అంత తీయగానూ లేదు. బతికిన మనిషి గొంతులా ఉంది. నాలుగు తాళం దెబ్బల సేపు నిలవాలి, ఆరు నిలిచింది.

హాలంతా లేచింది. ముందువాళ్ళు, వెనకవాళ్ళు, ఎత్తిన ఫోన్లు దించి మరీ చప్పట్లు కొడుతున్నవాళ్ళు. అమ్మ రెండు చేతులతోనూ మొహం కప్పుకుని ఏడుస్తోంది. మేనేజరు చేతిలో తీగతో అలాగే నిలబడిపోయాడు. పాము మాత్రం కళ్ళు మూసుకుని ఆ గొంతు ఆగిన చోటునే వింటోంది. చివర్లో ఒక పిసరు కిందికి జారింది. తనొక్కదానికే వినబడి ఉంటుంది అనుకుంది.

కళ్ళు తెరిచేసరికి గాయని చప్పట్ల మీదుగా సూటిగా తనవైపే చూస్తోంది, కనుబొమలు ఎగరేసి, ఏమంటావన్నట్టు. పాము బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి, ఇంతే, ఇంత తక్కువైంది, అని చూపించింది.

గాయని తల ఊపింది. చెయ్యెత్తి హాలంతటినీ కూర్చోమంది.

"నాలుగోది ఇంకా బాగా వస్తుంది," అంది మైకులో. "చరణం నుంచి."